చూశాను, బాగానే ఉంది

మా అక్క ఉద్యోగం ఊడగొట్టడానికి కావలసిన ఉత్తరం రాసింది నేనే. కంపెనీ కాగితం మీద, ఒక్క కొట్టివేత లేకుండా రాసి, కింద నా సంతకం కూడా పెట్టాను.

మా కంపెనీ ఆసుపత్రి యంత్రాలకు సాఫ్ట్‌వేర్ రాస్తుంది. ఆ యంత్రాల్లో ఆటోక్లేవ్ ఒకటి. ఆపరేషన్ సామాన్లను ఎక్కువ ఒత్తిడి ఉన్న ఆవిరిలో పెట్టి క్రిములను చంపే ఇనప పెట్టె అది. అక్క ఒక ఆసుపత్రిలో పంతొమ్మిదేళ్ళుగా ఆటోక్లేవ్ దగ్గరే పనిచేస్తోంది. మా సాఫ్ట్‌వేర్ ఉన్న కొత్త యంత్రం నిరుడే అక్కడికి వచ్చింది. మూడు వారాల క్రితం యంత్రం నడుస్తుండగా కరెంటు పోయి, వెంటనే వచ్చింది. తెర మీద ఒత్తిడి సున్నా అని కనిపించింది. సున్నా అంటే లోపల ఆవిరి లేదనేగా అర్థం. అక్క తలుపు తీసింది. ఆవిరి కుడిచేతిని వేళ్ళ నుంచి మోచేతి దాకా కాల్చేసింది.

ఆసుపత్రి వాళ్ళు విచారణ పెట్టారు. కరెంటు పోయి వచ్చినప్పుడు తలుపు తీయకూడదన్న హెచ్చరిక మీ మాన్యువల్లో ఉందా లేదా అని మా కంపెనీని అడిగారు. ఉంటే తప్పు అక్కది, ఉద్యోగం పోతుంది. లేకపోతే తప్పు మాది. ఆ భాగం రాసింది నేనే కాబట్టి ప్రశ్న నా బల్ల మీదికే వచ్చింది. దెబ్బ తగిలింది మా అక్కకని మేనేజరమ్మకు తెలుసు. వేరే ఎవరికైనా ఇవ్వనా అని అడిగింది కూడా. అక్కర్లేదు, నిజం ఎవరు రాసినా నిజమే అన్నాను. ఆ మాట అన్నప్పుడు నాకు నేనే ఎంత గొప్పగా కనిపించానో తలుచుకుంటే ఇప్పుడు చెంపలు వాయించుకోవాలనిపిస్తుంది.

మా దగ్గర మాన్యువల్ అని విడిగా కూర్చుని ఎవరూ రాయరు. కోడ్ రాసేటప్పుడే ప్రతి భాగం పైనా మామూలు మాటల్లో వివరణ రాస్తాం. దాన్ని కామెంట్ అంటారు. ఇంకొక ప్రోగ్రాం ఆ కోడంతా చదివి, కామెంట్లను ఏరి, పేజీలుగా పేర్చి మాన్యువల్ తయారుచేస్తుంది. అందుకని నేను కోడ్ తెరిచి చూశాను. నా హెచ్చరిక నేను రాసినట్టే ఉంది: "కరెంటు పోయి వచ్చాక తెర మీద కనిపించే సున్నా నిజం కాదు. నాలుగు నిమిషాలు ఆగండి. తలుపు తీయకండి." ఉంది అని రాసిచ్చేశాను. పుస్తకం తెరవలేదు. కోడ్‌లో ఉంటే పుస్తకంలో ఉన్నట్టే అని మా కంపెనీలో పద్నాలుగేళ్ళుగా అందరి నమ్మకం. పుస్తకం చదవడం బయటివాళ్ళ పని.

మంగళవారం సాయంత్రం అక్కను చూడ్డానికి వెళ్ళాను. అక్క మంచం మీద దిండుకు ఆనుకుని కూర్చుంది, కట్టు కట్టిన చెయ్యి తువ్వాలు మీద ఉంది. నా నోరు ఊరుకోదు కదా.

"ఒక్కసారి చదివి ఉంటే సరిపోయేది కదా అక్కా," అన్నాను.

అక్క అరవలేదు. అరిస్తే బాగుండేది. ఎడమచేత్తో దిండు పక్కనుంచి మాన్యువల్ తీసి నా ఒళ్ళో పడేసింది. దానికి చిన్నపిల్లల పుస్తకానికి వేసినట్టు గోధుమరంగు అట్ట వేసి ఉంది. తెరిస్తే ప్రతి పేజీలోనూ పెన్సిలు గీతలు, అంచుల్లో అక్క గుండ్రటి అక్షరాలు.

"చూపించు, పొట్టీ," అంది. నేను అక్క భుజం దాకా కూడా రాను, అందుకని ఆ పేరు. "ఏ పేజీలో ఉందో వేలు పెట్టి చూపించు."

అరవై ఒకటో పేజీ. కరెంటు అంతరాయం అని శీర్షిక ఉంది. దాని కింద ఏమీ లేదు. వెంటనే తలుపు రబ్బరు మార్చే పద్ధతి మొదలైంది. ముందుకు తిప్పాను, వెనక్కి తిప్పాను, చివర ఉన్న సూచికలో వెతికాను. వంటగదిలో గిన్నెలు కడుగుతున్న బావ కుళాయి కట్టేసి మరీ వింటున్నాడు.

"పంతొమ్మిదేళ్ళల్లో ఒక్క కత్తెర కూడా మురికిగా బయటికి పంపలేదే నేను," అంది అక్క. "వాళ్ళెవరో నేను చదవలేదంటే సరే, వాళ్ళకి నేనేం తెలుసు. నువ్వు రాసిచ్చావు. నా చెల్లెలివి అయ్యుండి."

శుక్రవారం విచారణ. మధ్యలో రెండు రోజులున్నాయి.

బుధవారం ఆఫీసుకు అందరికంటే ముందు వెళ్ళాను. మొదట నా కోపమంతా ప్రింటింగువాళ్ళ మీద ఉంది, పేజీలు ఎగరగొట్టారేమోనని. ప్రోగ్రామును నా కంప్యూటర్ మీదే నడిపి చూశాను. అక్కడా హెచ్చరిక లేదు. అంటే పోయింది మా ఇంట్లోనే.

దొంగను పట్టుకోవడానికి మాకు తెలిసిన మోటు పద్ధతి ఒకటే. ఫైలును సగానికి నరికి నడపాలి. అయినా మాయమైతే మిగిలినదాన్ని మళ్ళీ సగానికి నరకాలి. మధ్యాహ్నం భోజనాల వేళకు ఇరవై పంక్తులు మిగిలాయి. హెచ్చరికకు కాస్త పైన ఒక ఫోల్డరు పేరు కొటేషన్లలో ఉంది. ఆ పేరు చివర వెనక్కి వాలిన గీతలు రెండు ఉన్నాయి. ఆ పంక్తి తీసేస్తే హెచ్చరిక కనిపిస్తోంది, పెడితే మాయమవుతోంది.

తప్పు టోకెనైజర్‌లో ఉందని అప్పుడు తెలిసింది. మాన్యువల్ తయారీలో మొదటి పని దానిదే, కూరగాయలు తరిగే పని అనుకోండి. కోడ్‌ను ముక్కలుగా కోసి, ఇది మాట, ఇది అంకె, ఇది కొటేషన్లలో ఉన్న వాక్యం, ఇది కామెంట్ అని వేరుచేస్తుంది. కొటేషన్ల లోపల ఉన్నది మాత్రం ముట్టుకోదు, అక్కడ ఏమున్నా వదిలేస్తుంది. అందుకని కొటేషన్ ఎక్కడ మూసుకుందో సరిగ్గా కనిపెట్టాలి. కొటేషన్ గుర్తుకు ముందు వాలుగీత ఒకటుంటే అది మూసే గుర్తు కాదని లెక్క. రెండుంటే అవి ఒకదాన్నొకటి చెల్లగొట్టుకుంటాయి, అది మూసే గుర్తే. మా టోకెనైజర్ వెనక్కి ఒక్క అడుగే చూస్తోంది. ఒక గీత కనబడగానే, ఇంకా మూయలేదులే అనుకుని, మరో కొటేషన్ దొరికేదాకా దారిలో ఉన్నదంతా మింగేస్తోంది. ఆ దారిలోనే నా హెచ్చరిక ఉంది. తర్వాతి భాగం నుంచి మళ్ళీ కొత్తగా మొదలుపెడుతుంది కాబట్టి మిగతా పుస్తకం శుభ్రంగా ఉంది, ఎవరికీ అనుమానం రాలేదు.

ఆ టోకెనైజర్ రాసింది మాస్టారు. బడి మాస్టారు కాదు, నాకు ఈ పని నేర్పిన మనిషి. పద్నాలుగేళ్ళ క్రితం చేరినప్పుడు నాకు ఏమీ చేతనయ్యేది కాదు, నోరు ఒక్కటి తప్ప. ఆయన పక్క కుర్చీలో కూర్చోబెట్టుకుని ఓపిగ్గా నేర్పాడు. నా కాపురం చెడిపోయిన ఏడాది, నేను ఆఫీసులో ఏడ్చిన రోజుల్లో, ఎవరూ చూడకుండా నా పని పూర్తిచేసి పెట్టేవాడు. నాకు తండ్రి లేని లోటు ఆయనే తీర్చాడని నలుగురికీ చెప్పుకునేదాన్ని. రెండేళ్ళ క్రితం పాత టోకెనైజర్ నత్తలా నడుస్తోందని, ఐదు రెట్లు వేగంగా ఉండేలా కొత్తది రాశాడు. అందరం చప్పట్లు కొట్టాం.

అందుకే మొదట నాకు ఆయన మీద జాలేసింది. పాపం, ఈ సంగతి తెలిస్తే మాస్టారు తిండి మానేస్తాడు, ఎలా చెప్పాలిరా భగవంతుడా అనుకున్నాను.

అలా అనుకుంటూ ఉండగానే నా టెస్ట్ గుర్తొచ్చింది. ఈ రెండు గీతల తంటా నాకు కొత్త కాదు. పాత టోకెనైజర్‌లోనూ వస్తే నేనే సరిచేసి, మళ్ళీ రాకుండా టెస్ట్ పెట్టాను. ఒక నమూనా కోడ్, పక్కనే దానికి రావలసిన నమూనా పేజీ. ఎవరు ఏం మార్చినా ప్రోగ్రాం నడిచి, వచ్చిన పేజీని నమూనాతో పోల్చుతుంది. ఒక్క అక్షరం తేడా వచ్చినా ఎర్ర గుర్తు పడుతుంది. కొత్త టోకెనైజర్ వచ్చిన రోజే అది గోల పెట్టి ఉండాలి. ఎందుకు పెట్టలేదు?

నమూనా పేజీ తెరిచాను. అందులో కామెంట్ లేదు. నేను రాసి పెట్టిన నాలుగు పంక్తులు కోసేసి ఉన్నాయి. అంటే తప్పు పేజీనే నమూనాగా పెట్టేశారు. ఇక తప్పు వస్తే పచ్చ గుర్తు, ఒప్పు వస్తే ఎర్ర గుర్తు.

నమూనాను మార్చాలంటే మా దగ్గర గట్టి నియమం ఉంది. కోడ్ మార్చినవాళ్ళు నమూనాను ఒప్పుకోడానికి వీల్లేదు. ఇంకొకరు తమ లాగిన్‌తో వచ్చి, కళ్ళతో చూసి, ఒక్క వాక్యం రాసి ఒప్పుకోవాలి. ఆ నియమం పెట్టించిందీ మాస్టారే. ఎవరు ఒప్పుకున్నారో చూద్దామని రికార్డు తీశాను. కోడ్ మార్చింది మాస్టారు. ఒప్పుకున్నది నేను. నా పేరు, దాని పక్కన సమయం మధ్యాహ్నం మూడు గంటల పన్నెండు నిమిషాలు, దాని కింద నా వాక్యం: "చూశాను, బాగానే ఉంది."

నేనే చేశానా, మతిమరుపు ఏమైనా వచ్చిందా అని కాసేపు నా మీద నాకే అనుమానం. తేదీ చూసి సెలవుల పట్టీ తీశాను. ఆ రోజు నేను ఆఫీసులో లేను. అక్కకు పిత్తాశయంలో రాళ్ళు తీసిన రోజు అది. పొద్దున ఎనిమిది నుంచి రాత్రి దాకా ఆసుపత్రిలోనే ఉన్నాను, సగం రోజు ఆపరేషన్ గది బయట ప్లాస్టిక్ కుర్చీలో. కంప్యూటర్ ఇంట్లో ఉంది. మధ్యాహ్నం మాస్టారు ఫోన్ చేశాడు. "నీ లాగిన్ ఇచ్చెయ్యమ్మా, ఏమైనా వస్తే నేను చూసుకుంటాను, ఇవాళ నిన్నెవరూ విసిగించకూడదు," అన్నాడు. ఎంత మంచి మనసో అనుకుంటూ, వరండాలో నిలబడి, పాస్‌వర్డ్ అక్షరం అక్షరం చదివి వినిపించాను.

అరికాలి మంట నెత్తికెక్కింది. లేచి ఆయన గదికి వెళ్ళాను.

మాస్టారు కళ్ళజోడు చొక్కా అంచుతో తుడుచుకుంటున్నాడు. కాగితాలు ఆయన ముందు పెట్టాను. కళ్ళజోడు పెట్టుకుని చదివాడు. చదవడానికి అంతసేపు పట్టే పంక్తులు కావవి.

"ఇది మీరే కదా మాస్టారూ," అన్నాను.

"కూర్చో అమ్మా."

"కూర్చోను. మీరే కదా."

ఆయన నీళ్ళు నమిలాడు. "ఆ రోజు సాయంత్రానికి చూపించాలన్నారు. మూడు వందల టెస్టుల్లో ఒక్కటే ఎర్రగా ఉంది. మర్నాడు సరిచేద్దామనుకున్నాను. తర్వాత ఇంకో పని మీద పడి..." ఆగాడు. "మర్చిపోయాను."

"మీ పేరుతో ఎందుకు చెయ్యలేదు?"

"నా పేరుతో కుదరదు కదా. నియమం ఉంది."

ఎంత మామూలుగా అన్నాడంటే, నాకు నవ్వొచ్చింది. ఏడుపు కూడా వచ్చింది.

"అక్క చెయ్యి కాలిపోయింది మాస్టారూ. ఎల్లుండి ఉద్యోగం పోతుంది. నేను మేనేజరు దగ్గరికి వెళ్తున్నాను."

"వెళ్ళి ఏం చెప్తావు? అందులో ఉన్నది నీ పేరు." గొంతు ఇంకా తియ్యగానే ఉంది, పాఠం చెప్పేటప్పటి గొంతు. "నా మాట విను. ఇవాళే సరిచేసేద్దాం. వచ్చే ముద్రణలో హెచ్చరిక వచ్చేస్తుంది. పాత పుస్తకం సంగతి ఎవరు తవ్వుతారు? మీ అక్కకి ఇంకో ఉద్యోగం నేను చూస్తాను. నువ్వు నోరెత్తితే ముందు పోయేది నువ్వే. నీ మంచి కోరి చెప్తున్నాను."

పద్నాలుగేళ్ళుగా నా మంచి కోరుతూనే ఉన్నాడు మహానుభావుడు. నా పేరు తీసుకుని, దాన్ని చేతిగుడ్డలా వాడుకుని, తెచ్చి మళ్ళీ నా బల్ల మీదే పెట్టేశాడు. నాకు తెలియనే తెలియదు. ఆయన తప్పు చేశాడని కాదు నా బాధ. తప్పులు నేనూ బోలెడు చేశాను. ఇన్నేళ్ళలో ఎవరి దగ్గరైనా నేను కళ్ళు మూసుకుని కూర్చున్నానంటే ఈయన దగ్గరే. ఆ ఒక్కచోటే నా గొంతు కోశాడు.

నా బల్ల దగ్గరికి వచ్చి రెండో ఉత్తరం రాశాను. ఆసుపత్రికి మేమిచ్చిన పుస్తకంలో అరవై ఒకటో పేజీలో హెచ్చరిక లేదని, ఆటోక్లేవ్ నడిపిన ఉద్యోగి తప్పు ఏమీ లేదని, నా మొదటి ఉత్తరం తప్పని రాశాను. పోయిన కారణం రాశాను. నమూనాను నా లాగిన్‌తో ఒప్పుకున్నారని, ఆ రోజు నేను సెలవులో ఉన్నానని, లాగిన్ మాస్టారికి ఇచ్చానని రాశాను. నా పేరు తీసేస్తే ఉత్తరం నిలబడదు, రికార్డు జత చేయకపోతే ఆసుపత్రివాళ్ళు నమ్మరు. అక్క బయటపడాలంటే నేను అందులో ఉండాల్సిందే. సంతకం పెట్టేశాను.

మేనేజరమ్మ రెండుసార్లు చదివింది. మంచి మనిషే, కానీ కాగితం మనిషి. మాస్టారిని పిలిపించింది. ఆయన వచ్చి నా పక్క కుర్చీలోనే కూర్చున్నాడు, నేర్పించే రోజుల్లో కూర్చున్నట్టే.

"ఈవిడ పాస్‌వర్డ్ మీకెప్పుడైనా ఇచ్చారా?" అని అడిగింది.

ఇంకా నాకు ఆశ ఉంది చూడండి. సిగ్గులేని ఆశ. నా మొహం చూస్తే అబద్ధం ఆడలేడనుకున్నాను. ఆయన నా మొహంలోకే చూశాడు.

"లేదండీ," అన్నాడు. "పాస్‌వర్డ్ ఎవరికీ ఇవ్వకూడదని తనకి నేర్పిందే నేను."

అది మాత్రం నిజం. నేర్పాడు. చేరిన మొదటి వారమే నేర్పాడు.

"మాస్టారూ," అన్నాను. గయ్యాళిని అని పేరున్నదాన్ని, ఆ గదిలో నాకు ఒక్క తిట్టు గుర్తు రాలేదు.

"సెలవులో ఉన్నా ఇంటి నుంచి లాగిన్ అవ్వొచ్చు," అంది మేనేజరమ్మ, నా వైపు చూడకుండా. "ఆ రోజు మీరు కంప్యూటర్ ముట్టుకోలేదని చెప్పేవాళ్ళెవరైనా ఉన్నారా?"

"మా అక్క."

ఆవిడ కలం మూత పెట్టింది. అక్క కోసం రాసిన ఉత్తరానికి అక్కే సాక్ష్యమంటే ఎవరు ఒప్పుకుంటారు. ఉత్తరం మాత్రం ఆసుపత్రికి పంపింది, తొక్కిపెట్టలేదు. అది ఆవిడ మంచితనం. నన్ను మర్నాటి నుంచి రావద్దంది, కబురు చేస్తామంది. టోకెనైజర్ సరిచేసే పని మాస్టారికి అప్పజెప్పింది, దాని గురించి ఆయనకే బాగా తెలుసు కదా.

శుక్రవారం పన్నెండు గంటలకు బావ ఫోన్ చేశాడు. అక్క తప్పేమీ లేదని తేల్చారు, చెయ్యి మానగానే వచ్చి చేరమన్నారు. బావ ఇంకా ఏదో చెప్పబోయి, ఫోన్ పెట్టేశాడు. నేను ఖాళీ ఇంట్లో గోడకు ఆనుకుని కూర్చుని, తనివితీరా ఏడ్చాను. సంతోషం కొంత, మిగతాదంతా ఆయన కోసమే. ఛీ, ఆ మనిషి కోసం ఏడవడమేమిటి అని తిట్టుకుంటూ కూడా ఏడ్చాను.

ఆదివారం అక్క దగ్గరికి వెళ్ళాను. కట్టు పలచబడింది, వేళ్ళ చివర్లు బయటికి కనిపిస్తున్నాయి. కొత్త చర్మం గులాబీ రంగులో ఉంది. జరిగిందంతా ఏకరువు పెట్టాను. అక్క దిండుకు ఆనుకుని అంతా వింది.

"నేను చదవలేదన్నావుగా, దానికి ఇంకా నీ మీద కోపం ఉంది," అంది చివరికి. "ఉంటుంది కొన్నాళ్ళు. ఆ గిన్నెలో నారింజలున్నాయి, ఒలిచి పెట్టు. నాకు చేత కావట్లేదు."

కింద కూర్చుని ఒలవడం మొదలుపెట్టాను. అక్క నా చేతుల వైపు చూస్తూ కూర్చుంది.

"మీ మాస్టారు కూడా తెచ్చాడే ఆ రోజు," అంది. "నా ఆపరేషన్ రోజు సాయంత్రం. నన్ను తినొద్దన్నారని తెలిసి, నీకోసమే ఒలిచి కాగితం మీద పెట్టాడు. అన్నీ నువ్వే తిన్నావు, పొద్దుటినుంచీ ఏమీ తినలేదని."

గుర్తుంది. ఆరు గంటలప్పుడు వచ్చాడు. మూడు పన్నెండుకు నా పేరు రాసి, ఆరింటికి పళ్ళు పట్టుకుని వచ్చాడు.

"నువ్వు మందులు తేవడానికి కిందికి వెళ్ళావు," అంది అక్క. "అప్పుడన్నాడు నాతో. ‘మీ చెల్లెలి పని కూడా ఇవాళ నేనే చేసేశానమ్మా, తనని నిశ్చింతగా మీ దగ్గరే ఉండనివ్వండి’ అని. నీకు చెబుదామనుకుని మత్తులో పడి మర్చిపోయాను."

నా చేతిలో తొక్క అలాగే ఉండిపోయింది.

"నువ్వేమన్నావు?"

"ఏమంటాను. నా చెల్లెలికి ఇంత మంచివాళ్ళు దొరికారు కదా అని దణ్ణం పెట్టాను." అక్క కట్టు కట్టిన చెయ్యి కాస్త పైకెత్తి, ఎడమచేతి పక్కన పెట్టి చూసుకుంది. "ఈ రెండు చేతులతోనే."